శ్రద్ధ లేదన్నారు... లేనిది కళ్లజోడు!

పోయినేడాది ఓ శనివారం. మా అక్కకి సెలవు దొరకలేదు, బావ ఊళ్లో లేరు. దాంతో వాళ్లబ్బాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి నన్ను వెళ్లమన్నారు. ‘సంతకం పెట్టేసి ప్రోగ్రెస్ కార్డు తీసుకొచ్చెయ్, అంతే’ అంది అక్క.

వాడు ఏడో తరగతి. క్లాసు బయట కారిడార్‌లో పేరెంట్స్ క్యూ. ఒక్కొక్కరికీ రెండు మూడు నిమిషాలు. నా వంతు వచ్చింది. లెక్కల టీచర్ కార్డు నా ముందుకి జరిపి, ‘తెలివైనవాడేనండీ, కానీ శ్రద్ధ లేదు. బోర్డు మీద రాసింది సగం ఎక్కించుకోడు. ఎప్పుడు చూసినా పక్కవాడి నోట్సులోకి తొంగి చూస్తుంటాడు. ఇంట్లో కాస్త గట్టిగా చెప్పండి’ అన్నారు. సరేనని తలూపి వచ్చేశాను.

సాయంత్రం అక్కకి ఆ మాటే చెప్పాను. ‘శ్రద్ధ ఎక్కణ్నుంచి వస్తుంది? అదిగో చూడు, టీవీకి అతుక్కుపోయి కూర్చున్నాడు. ఫోన్ ఇస్తే ముక్కుకి ఆనించుకుంటాడు. ఎంత తిట్టినా వెనక్కి జరగడు’ అంది.

టీచర్ మాట, అక్క మాట పక్కపక్కన పెట్టుకుంటే అప్పుడు అనుమానం వచ్చింది. సోమవారం కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. రెండు కళ్లకీ మైనస్ రెండు దాటింది. వాడికి బోర్డు సరిగ్గా కనిపించడమే లేదు!

‘మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంట్రా?’ అని అడిగితే వాడన్న మాట నేనింకా మర్చిపోలేదు. ‘అందరికీ అలాగే కనిపిస్తుందేమో అనుకున్నా పిన్నీ.’

ఇందులో తప్పెవరిది? టీచర్ అబద్ధం చెప్పలేదు, అక్కా అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ వాణ్ని రోజూ చూస్తూనే ఉన్నారు. కాకపోతే సగం ఆవిడకి తెలుసు, సగం ఈవిడకి తెలుసు. ఆ రెండు సగాలూ ఒక్కచోటికి రాలేదు. ఈలోగా వాడు నెలల తరబడి తిట్లు తిన్నాడు.

ఎవరి దగ్గర ఎంతసేపు?

పిల్లల పెంపకం మాటొస్తే మన దగ్గర వాదన ఎప్పుడూ ఒకటే. ‘అన్నీ మేమే నేర్పితే ఇంట్లో ఏం చేస్తారు?’ అని టీచర్లు. ‘అంతంత ఫీజులు కట్టేది ఎందుకు మరి?’ అని అమ్మానాన్నలు. ఓసారి గంటల లెక్క వేసి చూద్దాం.

ఏడాదికి 8,760 గంటలు. రోజుకి తొమ్మిది గంటలు నిద్రకి తీసేస్తే పిల్లలు మెలకువగా ఉండేది 5,475 గంటలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలి. అయిదో తరగతి వరకైతే 200 రోజులు, 800 గంటలు. అంటే చట్టం అడిగిన కనీస లెక్క చూస్తే బడి వాటా అయిదో వంతు కూడా కాదు. మిగతాదంతా ఇంటిదే.

ఇప్పుడు మన వీధిలో పిల్లల లెక్క వేయండి. పొద్దున ఏడింటికి వ్యాన్ ఎక్కి సాయంత్రం ఆరింటికి దిగుతారనుకుందాం. రోజుకి 11 గంటలు. దిగాక రెండు గంటల ట్యూషన్. 220 రోజులకి 2,860 గంటలు. మెలకువగా ఉన్న టైములో సగం దాటిపోయింది! ఇలాంటప్పుడు ‘పెంచాల్సింది ఇల్లే’ అని బడి తప్పించుకోలేదు, ‘అంతా స్కూలే చూసుకుంటుంది’ అని ఇల్లూ చేతులు దులుపుకోలేదు.

అసలు సంగతి గంటల్లో కూడా లేదు, చూసే చూపులో ఉంది. టీచర్ ముందు నలభై మంది ఉంటారు. కాబట్టి పన్నెండేళ్ల పిల్లలు మామూలుగా ఎలా ఉంటారో ఆవిడకి తెలుసు. అమ్మకి వీడొక్కడే. కాబట్టి వీడు నిన్నమొన్నటిదాకా ఎలా ఉండేవాడో ఆమెకి తెలుసు. పిల్లాడిలో ఏదైనా తేడా వస్తే పట్టుకోవడానికి ఈ రెండూ కావాలి. పనిని చెరి సగం పంచుకుంటే సరిపోదు, తెలిసింది ఒకరికొకరు చెప్పుకోవాలి.

చట్టం ఇద్దరి పేరూ రాసింది

2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ రెండు పనులు చేసింది. 21ఎ అధికరణతో, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి చదువుని హక్కు చేసింది. ఆ పిల్లలకి చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల ప్రాథమిక విధి అని 51ఎ అధికరణలో చేర్చింది. హక్కు పిల్లాడిది. దాన్ని నిలబెట్టే పని మాత్రం ప్రభుత్వానిదీ, ఇంటిదీ కూడా.

తర్వాత విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దీన్లో చాలామంది పేరెంట్స్‌కి తెలియనిది 21వ సెక్షన్. ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం మూడొంతులు, అంటే నలుగురిలో ముగ్గురు, అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయ్యుండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, వచ్చిన డబ్బు దేనికి ఖర్చవుతోందో గమనించడం, బడి అభివృద్ధికి ప్రణాళిక వేయడం వీళ్ల పని. ఊళ్లో కూలికి వెళ్లే అమ్మ కూడా హెడ్మాస్టర్ పక్కన కుర్చీలో కూర్చుని ‘బాత్రూముల్లో నీళ్లెందుకు రావట్లేదు సార్?’ అని అడగొచ్చు. అది ఆమెకి చట్టం ఇచ్చిన చోటు.

మన రెండు రాష్ట్రాల్లో ఈమధ్య కొంత కదలిక వచ్చింది. తెలంగాణలో 2024లో స్వయం సహాయక సంఘాల మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి, బడుల్లో మరమ్మతులు, తాగునీరు, టాయిలెట్ల లాంటి పనులు అప్పగించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకే రోజు ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. ఆ రోజు ముగ్గులు, ఆటలు, భోజనాలు బాగానే జరిగాయి. మంచిదే. పండగ అయ్యాక మామూలు మంగళవారం నాడు కూడా ఆ అమ్మ బడి గేటు దాటి లోపలికి రాగలిగితే అప్పుడు గెలిచినట్టు.

‘నాలుగు తగిలించండి సార్’

ఆ శనివారం క్యూలో నా ముందు ఓ నాన్న ఉన్నారు. పక్కన కొడుకు. ‘మా మాట అస్సలు వినట్లేదు సార్. మీరు నాలుగు తగిలించినా మేమేం అనుకోం’ అన్నారు. సార్ ఇబ్బందిగా నవ్వారు. ఆ పిల్లాడు మాత్రం నేల చూపులు చూస్తున్నాడు.

మన పెద్దవాళ్లు ఈ మాటని నమ్మకంతోనే అంటారు. గురువు మీద గౌరవం అనుకుంటారు. కానీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ‘అమ్మానాన్నలు ఒప్పుకుంటే ఫర్వాలేదు’ అని అందులో ఎక్కడా లేదు.

చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ పిల్లాడికి ఏం అర్థమై ఉంటుంది? ‘ఇంట్లో చెప్పుకుంటే స్కూల్లో పడతాయి, స్కూల్లో చెప్పుకుంటే ఇంట్లో పడతాయి’ అని. రేపు ఎవరైనా ఏడిపించినా, వ్యాన్‌లో ఎవరైనా తాకరాని చోట తాకినా వాడు వచ్చి ఎవరికి చెప్తాడు? ఇల్లూ బడీ కలిసి పని చేయాల్సింది వాడి కోసం. అది వాడికి వ్యతిరేకంగా కూటమి కట్టినట్టు కాకూడదు.

దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. ‘ఆ మేడమ్‌కేం తెలుసు, నువ్వు ఊరుకో’ అని పిల్లాడి ముందే టీచర్‌ని తీసిపారేయడం. అలా అన్నాక మర్నాడు ఆవిడ చెప్పే పాఠం వాడి చెవికెక్కుతుందా? టీచర్‌తో పేచీ ఉంటే నేరుగా టీచర్‌తోనే మాట్లాడాలి, పిల్లాడు లేనప్పుడు.

గ్రూపులో అన్నీ ఉంటాయి, పిల్లాడు తప్ప

‘స్కూలుతో టచ్‌లోనే ఉన్నాం కదా, వాట్సాప్ గ్రూప్ ఉంది’ అంటారు చాలామంది. ఓసారి ఆ గ్రూప్ తెరిచి చూడండి. ఫీజు గడువు, రేపటి యూనిఫాం, హోంవర్క్ ఫొటో, కింద నలభై ‘థాంక్యూ మేడమ్’లు. మీ పిల్లాడు ఇవాళ లంచ్ ఎవరి పక్కన కూర్చుని తిన్నాడో ఆ గ్రూపులో రాదు. నలుగురి ముందు అడగలేని మాట అక్కడ అడగలేం కూడా.

ఇక రాత్రి తొమ్మిదింటికి వచ్చే బాంబు తెలిసిందే. ‘అమ్మా, రేపు ప్రాజెక్టుకి థర్మాకోల్ షీట్ కావాలి!’ నాన్న బండేసుకుని షాపు షాపూ తిరుగుతాడు, అమ్మ పన్నెండింటి దాకా కూర్చుని సౌరకుటుంబం అతికిస్తుంది, పిల్లాడు నిద్రపోతాడు. మర్నాడు మార్కులు వాడికి! కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి వరకు హోంవర్కే వద్దంది. మూడు నుంచి అయిదు వరకు వారానికి రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకి గంట దాటొద్దని చెప్పింది. మీ ఇంట్లో అంతకన్నా ఎక్కువ పడుతుంటే ‘వీడికి ఇంటి దగ్గర ఇంత టైం పడుతోంది మేడమ్’ అని టీచర్‌కి చెప్పండి. చాలాసార్లు ఆ సంగతి వాళ్లదాకా వెళ్లదు. మనమే చేసి పంపిస్తుంటే వాళ్లకి తెలిసేదెలా?

హాస్టల్లో వేశాక?

తెలుగిళ్లలో ఇంకో మలుపు ఉంది. పదో తరగతి అవ్వగానే, కొన్ని ఇళ్లలో ఇంకా ముందే, పెట్టె సర్ది రెసిడెన్షియల్ క్యాంపస్‌లో దింపి రావడం. జేఈఈ, నీట్ అంటూ రెండేళ్లు. ఆ రోజుతో బాధ్యత మొత్తం గేటు లోపలికి వెళ్లిపోయిందనుకుంటాం. లోపల చూస్తే వందల మంది పిల్లలు, వార్డెన్లు కొందరే.

ఇంటికి మిగిలేది వారానికో ఫోన్. వెనకాల క్యూ, పక్కనే ఎవరో నిలబడి ఉంటారు. ‘బాగున్నావా? తింటున్నావా? వీకెండ్ టెస్టులో ఎంతొచ్చింది?’ మూడు ప్రశ్నలు. ‘బాగున్నా’ అనడం తప్ప ఆ పిల్లకి వేరే దారి ఏముంది?

ఇక్కడ ఇంటి పని తగ్గదు, మారుతుంది. వార్డెన్ పేరు, నంబరు తెలుసుకోవాలి. జ్వరమొస్తే ఎవరు చూస్తారో, ఇంటికి ఎప్పుడు చెప్తారో చేర్పించే రోజే అడగాలి. ఔటింగ్‌కి తీసుకెళ్లిన రోజు మార్కుల మాట ఎత్తకుండా ఉండగలగాలి. ‘నన్ను తీసుకెళ్లిపోండి’ అని ఒకటికి రెండుసార్లు అంటే నాటకం అని కొట్టిపారేయకుండా వెళ్లి ఎదురుగా కూర్చుని వినాలి. బతుకు మీద విరక్తి మాటలేమైనా వినిపిస్తే ఆ రోజే బయల్దేరాలి. మాట సాయానికి టెలీ మానస్ 14416 నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. పిల్లలకి ఏ ఆపద వచ్చినా 1098కి ఫోన్ చేయొచ్చు. కట్టిన ఫీజు తిరిగి రాదేమో అన్న లెక్క ఆ రోజు వేయొద్దు.

ఈసారి మీరు వెళ్తే...

ఇది చదువుతున్న మీలో చాలామందికి ఇంకా పిల్లలు ఉండకపోవచ్చు. కానీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటారు. ‘నాకు ఇంగ్లిష్ రాదురా, నువ్వెళ్లు’ అని అమ్మ మిమ్మల్నే పంపుతుంది. ఆ రెండు నిమిషాల్లో ఇవి అడగండి.

1. మార్కులు కార్డు మీద కనిపిస్తూనే ఉంటాయి. అవి పక్కన పెట్టి, ‘క్లాసులో ఎలా ఉంటాడు? ఈమధ్య ఏమైనా మారాడా?’ అనండి.

2. ‘ఎవరితో స్నేహంగా ఉంటాడు?’ ఒంటరిగా ఉంటున్నాడంటే కారణం వెతకాలి.

3. ‘బోర్డు కనిపిస్తోందా, పిలిస్తే వినిపిస్తోందా?’ ప్రభుత్వ బడుల పిల్లల్ని 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు వచ్చి పరీక్షిస్తాయి. ప్రైవేటు స్కూలైతే ఆ పని మీరే గుర్తుపెట్టుకోవాలి.

4. ఇంట్లో జరిగింది ఒక్కటి చెప్పండి. తాతయ్య పోయారు, నాన్న ఉద్యోగం మారింది, ఇల్లు మారాం... ఏదైనా. పిల్లాడు హఠాత్తుగా ఎందుకు మౌనంగా అయిపోయాడో టీచర్‌కి అప్పుడు అర్థమవుతుంది.

5. ‘నెల రోజులు ఇంట్లో మేమేం చూడాలి? స్కూల్లో మీరేం చూస్తారు?’ అని అడిగి, ఆ ఒక్కటీ రాసుకుని రండి. ముఖ్యంగా అమ్మతోనూ ఓ టీచర్‌తో నేరుగా మాట్లాడించండి. మాట్లాడటానికి తెలుగు చాలు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. స్కూలు మాత్రం పెడుతుందా?

మా వాడికి కళ్లజోడు వచ్చాక మార్కులేం ఆకాశానికి ఎగిరిపోలేదు. కానీ వీధి చివర నుంచే బస్సు నంబరు చదివేస్తున్నాడు. తర్వాతి మీటింగుకి అక్క సగం రోజు సెలవు పెట్టుకుని తనే వెళ్లింది. ‘క్లాసులో కళ్లజోడు పెట్టుకుంటున్నాడా మేడమ్?’ అని ఈవిడ అడిగితే, ‘ఇంట్లో టీవీకి దూరంగానే కూర్చుంటున్నాడా అండీ?’ అని ఆవిడ అడిగారట.