‘షాకు’ అనే మాట – మూర్ఛతో చేసే చికిత్స: తీవ్ర కుంగుబాటులో మెదడుపై ప్రభావం

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు పండించే పల్లెల్లో ‘షాకు’ అనగానే ముందుగా స్ఫురించేది బావి దగ్గరి మోటారు, స్టార్టర్ పెట్టె, తడిచేతితో తాకి ప్రాణం పోగొట్టుకున్న రైతు. తీవ్రమైన కుంగుబాటుకు చేసే ఒక చికిత్సకూ అదే మాట వాడుతున్నాం. పైగా ‘ఎర్రగడ్డ’ అన్న ఊరిపేరే తిట్టుగా మారిన భాష మనది. వైద్యుడు సూచించినా కుటుంబం వెనుకాడుతున్నదంటే అందులో ఈ రెండు మాటల పాత్ర తక్కువేమీ కాదు.

ఇక్కడ మేలు చేసేది విద్యుత్తు కాదు, అది రేకెత్తించే మూర్ఛ. ‘విద్యుత్ మూర్ఛ చికిత్స’ అన్న పేరునూ మూర్ఛరోగానికి చేసే చికిత్సగా విగ్రహం చెప్పుకొనే ప్రమాదముంది; మూర్ఛతో చేసే చికిత్స అనే తృతీయా తత్పురుషమే ఉద్దిష్టం. హంగేరీ వైద్యుడు మెదూనా 1934లో కర్పూరంతో మూర్ఛ తెప్పించగా, 1938లో రోమ్ నగరంలో చెర్లెత్తి, బీని అదే పనికి విద్యుత్తును వాడారు. నేడు మత్తు, కండరాలను సడలించే మందు ఇచ్చిన తర్వాత కొన్ని క్షణాలపాటు విద్యుత్ స్పందనలు పంపుతారు. మూర్ఛ సాధారణంగా ఒక నిమిషం లోపే ముగుస్తుంది. శరీరం పెద్దగా కదలదు. లోపల జరిగేది ఈఈజీ గీతలే చెబుతాయి. మత్తు లేకుండా చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. సినిమాల్లోని పెనుగులాట పాత పద్ధతిది, అదీ అతిశయించి చూపినది.

మూర్ఛను ఆపుకొనే ప్రయత్నంలో మెదడు తన నిరోధక వ్యవస్థను బలపరచుకుంటుందని ఒక వాదం. విడతలు సాగేకొద్దీ మూర్ఛ రప్పించడానికి ఎక్కువ విద్యుత్తు అవసరం కావడాన్ని దీనికి ఆధారంగా చూపుతారు. చికిత్సానంతరం ఎంఆర్ఐలో హిప్పోకాంపస్ పరిమాణం పెరిగినట్లు పలు అధ్యయనాలు గుర్తించాయి. మెదడు ‘కాలిపోతుంది’ అన్న మాటకు ఇక్కడ ఊతం దొరకదు. అయితే ఎంత పెరిగితే అంత ఉపశమనం అన్న లెక్క కుదరలేదు. కనుక ఆ పెరుగుదలనే కారణంగా ప్రకటించడం తొందరపాటు.

మతిమరుపు గురించిన భయం మాత్రం నిరాధారం కాదు. చికిత్స సాగే వారాల్లో కొత్త విషయాలు నిలవకపోవడం క్రమంగా సర్దుకుంటుంది. అంతకు ముందరి నెలల అనుభవాలు కొన్ని – కూతురి పెళ్లిమాటలు, ఆ ఏడు పసుపు అమ్మిన ధర – శాశ్వతంగా చెరిగిపోవచ్చు. ఎలక్ట్రోడ్లను కుడివైపునే అమర్చితే ఈ నష్టం తగ్గుతుంది. దీన్ని చెప్పకుండా తీసుకున్న సంతకం సమ్మతి అనిపించుకోదు. అయినా అన్నం నీళ్లు మానేసిన మనిషికి, చావు ఆలోచన వదలని మనిషికి, మందులు పనిచేసేదాకా ఆగే వ్యవధి ఉండదు. ఈ చికిత్స విలువ అక్కడే.

వారానికి రెండు మూడు చొప్పున సాధారణంగా 6 నుంచి 12 విడతలు. ఆ తర్వాత మందులు మానేస్తే ఆరు నెలల లోపే జబ్బు తిరగబెట్టడం తరచుగా కనిపిస్తుంది. పసుపు తవ్వి ఉడికించే రోజుల్లోనూ ఆసుపత్రి తేదీ తప్పకుండా ఇంటివాళ్లు చూసుకోవలసి ఉంటుంది.