పాత పికప్ బాడీ, కొత్త ఛాసిస్: ముందు ఆర్‌సీ చూడండి

గోదావరిఖనిలో అబ్బా నడిపిన పాత జీపు పికప్ ఇంటి ముందే ఉంది. బాడీ బాగానే ఉంది, కింద ఛాసిస్ తుప్పు పట్టింది. “కొత్త బండి ఛాసిస్ మీద ఎక్కిస్తే సరి” అంటారు కొందరు. కానీ అది అంత తేలిక కాదు.

మొదటిది కొలతలు. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం రెండు బండ్లలో ఒకటే ఉండాలి. బాడీ బిగించే బోల్టుల చోట్లు, స్టీరింగ్ రాడ్, బ్రేక్ పైపులు, వైరింగ్ అన్నీ కలవాలి. కలవలేదని ఛాసిస్‌ను కోసి వెల్డింగ్ చేస్తే లోడు పడ్డప్పుడు అక్కడే విరగొచ్చు.

రెండోది చట్టం. బండికి అసలు గుర్తింపు పైన కనిపించే బాడీ కాదు, ఛాసిస్ నంబర్. పాత ఆర్‌సీ పెట్టుకుని వేరే ఛాసిస్ మీద తిరగడం కుదరదు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అభ్యంతరం చెప్పొచ్చు, పరిహారం భారం ఇంటి మీద పడొచ్చు. అందుకే షెడ్డుకు వెళ్లే ముందు రవాణా ఆఫీసులో అడగండి. ఛాసిస్ కొనేముందు దాని ఆర్‌సీ, దాని మీదున్న ఫైనాన్స్ చూడండి. కుదరదంటే, పాత ఛాసిస్‌నే బాగు చేయించుకోవచ్చేమో కనుక్కోండి.