ఒక్క అక్షరం తప్పితే నెత్తురే కరవు

జూలూరుపాడులో నిఖా మాటలు మొదలైతే పెద్దలు ముందుగా చూసేది ఇంటి సంబంధాన్నే. చాచా కూతురో, ఫూఫీ కొడుకో అయితే తెలిసిన ఇల్లు, తెలిసిన మనుషులు. పొరుగు హిందూ కుటుంబాలలోనూ మేనరికం ఉన్నదే. అబ్బాయి చదువు, సంపాదన, నడవడి అన్నీ విచారిస్తారు. నెత్తురు గురించి మాత్రం ఎవరూ అడగరు.

అడగకపోతే ఏమవుతుంది? తీవ్రమైన తలసీమియాతో పుట్టిన బిడ్డ కొన్ని నెలలు బాగానే ఉంటుంది. రెండేళ్ళలోపే పాలిపోతుంది. ఇక రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒంట్లో పేరుకునే ఇనుమును తీసే మందులూ వాడాలి. అడవి అంచు ఊళ్ళో కూలి చేసుకునే తల్లిదండ్రులకు ఇది ఎంత భారమో చెప్పనక్కరలేదు.

ఈ జబ్బు మూలం కణంలోని రాతకోతల్లో ఉంది. జన్యువు అసలు ప్రతి అనుకోండి. దానికి నకలు రాసే కాతిబ్ ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్. ఆ నకలులో ఇంట్రాన్లనే అక్కరలేని ముక్కలూ ఉంటాయి. వాటిని కత్తిరించి, మిగిలినవి అతికించే పనే స్ప్లైసింగ్. దీనిని 1977లో కనుగొన్నందుకు రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్‌లకు 1993లో నోబెల్ బహుమతి లభించింది.

రాయడం ముగిశాకే కత్తెర పడుతుందనుకుంటే పొరపాటు. కాతిబ్ రాస్తూ ఉండగానే కత్తిరింపు సాగుతుంది. అతడు నెమ్మదిగా రాస్తే బలహీనమైన గుర్తు కూడా కత్తెర కంటపడే వీలుంది, తొందరపడితే దాటిపోవచ్చు. అలాగే మొదట్లో ఉండే కత్తిరింపు గుర్తు బలంగా ఉంటే నకలు రాయడమూ జోరందుకుంటుంది. ఒకరి పని ఒకరిపై ఆధారపడి ఉంది.

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు జన్యువులో రెండు ఇంట్రాన్లున్నాయి. మన దేశంలో ఎక్కువగా కనిపించే బీటా తలసీమియా లోపం మొదటి ఇంట్రాన్ అయిదో అక్షరంలో ఉంది. ‘జి’ ఉండవలసిన చోట ‘సి’ ఉంటుంది. గొలుసును నిర్దేశించే రాతలో తప్పేమీ లేదు. కత్తిరింపు గుర్తు చెడింది, అంతే! కత్తెర తప్పు చోట పడి, మంచి గొలుసు చాలా కొద్దిగానే తయారవుతుంది. గోదావరి తీరపు కోయ గూడాల్లో కనిపించే సికిల్ సెల్ కూడా ఇదే జన్యువులోని లోపం. అక్కడ తప్పు రాతలోనే ఉంది.

లోపం ఒక్క ప్రతిలోనే ఉన్నవారు ఆరోగ్యంగానే ఉంటారు. తమలో అది ఉన్నట్టు వారికే తెలియదు. అలాంటి ఇద్దరికి పెళ్ళయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఒకే తాత నెత్తురు పంచుకున్న దంపతులలో ఇద్దరికీ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. బిడ్డకు జబ్బు వస్తే కోడలిని నిందించడం అన్యాయం. అది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన లోపం.

దగ్గరి సంబంధాన్ని ఇస్లాం అనుమతించిందే గాని విధిగా చేయలేదు. ఇరాన్‌లో 1997 నుంచి పెళ్ళికి ముందు తలసీమియా పరీక్ష తప్పనిసరి. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఈ రోగుల కోసం పనిచేస్తోంది. హిమోగ్లోబిన్ ఎ2 కొలిచే రక్తపరీక్షతో లోపం ఉన్నవారిని చాలావరకు గుర్తించవచ్చు. పెళ్ళయిపోయిన వారికీ దారి ఉంది. ఇద్దరిలోనూ లోపం ఉంటే గర్భం 10-12 వారాలప్పుడు బిడ్డకు పరీక్ష చేయించవచ్చు.

మహర్ ఎంతో మాట్లాడుకునే పెద్దలు ఈ పరీక్ష మాట కూడా ఎత్తితే, పుట్టబోయే బిడ్డకు అంతకు మించిన మేలు ఏముంటుంది?