వృత్తి అడిగే ఇంగ్లీషే నేర్పాలి

2021-22 విద్యా సంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. మీడియం మారినంత మాత్రాన భాష వచ్చేయదు. గోదావరి జిల్లాల కాలేజీల్లో ఎక్కువగా కనిపించేది మధ్యస్థ స్థాయి విద్యార్థి. పాఠం చదివితే సారాంశం అందుతుంది, సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే కలం సాగదు. పదేళ్లకు పైగా విన్న టెన్సులూ వాయిసులూ ఇతనికి మళ్లీ మొదటి నుంచి చెబితే ఒరిగేదేమీ లేదు. రేపు చేయబోయే పనికి కావలసిన ఇంగ్లీషు నేర్పితే ఆ వ్యాకరణమే అవసరమై వంటబడుతుంది. ఈ విద్యార్థికి ఇంగ్లీషు ఎందుకు కావాలన్న ప్రశ్నతోనే పాఠ్యప్రణాళిక మొదలవ్వాలని టామ్ హచిన్సన్, అలాన్ వాటర్స్ 1987లోనే తమ పుస్తకంలో వాదించారు.

భీమవరం ప్రాంతాన్నే తీసుకోండి. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక ఇక్కడి చెరువుల తీరే మారిపోయింది. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, వైట్ స్పాట్ (రొయ్యల వైరస్ జబ్బు), కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య), ఏరేటర్ వంటి మాటలు రైతుల నోట రోజూ వినిపించేవే. కాబట్టి ఆక్వాకల్చర్ చదివే విద్యార్థికి పదాల కొరత పెద్దగా లేదు, చిక్కంతా వాక్యంతోనే. ఎగుమతి సరుకులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషేధిత మందుల అవశేషాలున్నాయేమో ల్యాబులో చూస్తారు. రిపోర్టులో ‘నాట్ డిటెక్టెడ్’ అని ఉంటే మందు బొత్తిగా లేదని కాదు, ఆ పరీక్ష పట్టగలిగే పరిమితికి మించి దొరకలేదని. ఆ పరిమితి అంకె సాధారణంగా రిపోర్టులోనే ఉంటుంది. ఆ రెండూ కలిపి చదివి, రైతుకు తెలుగులో విడమరిచి, కొనుగోలుదారుకు ఇంగ్లీషులో నాలుగు వరుసల మెయిల్ రాయగలిగితే చాలు. ఒక్క రిపోర్టుతో చదవడం, చెప్పడం, రాయడం మూడూ సాధనలోకి వస్తాయి. పాసివ్ వాయిస్ ఎందుకుందో కూడా అక్కడే తెలుస్తుంది: నమూనాను ఎవరు పరీక్షించారన్న దానికన్నా ఎలా పరీక్షించారన్నదే ఆ కాగితానికి ముఖ్యం.

పునాదే బలహీనంగా ఉంటే ప్రత్యేక ఇంగ్లీషు ఎలా ఎక్కుతుందని అధ్యాపకులు అడగడం సహజమే. అక్షరాలు కూడబలుక్కునే స్థాయిలో ఉన్నవాళ్ల విషయంలో ఆ మాట నిజం. మధ్యస్థ స్థాయివాళ్ల పునాది మాత్రం వాడకం లేకే బీటలు వారింది. ఇంగ్లీషు మాస్టారికి రొయ్యల సంగతేం తెలుసన్నది ఇంకో అభ్యంతరం. ఆయనకు తెలియనక్కర్లేదు. కాగితంలోని శాస్త్రం సబ్జెక్టు అధ్యాపకుడు చెబుతారు, వాక్య నిర్మాణం ఇంగ్లీషు అధ్యాపకుడు చూసుకుంటారు. టైంటేబుల్లో ఆ ఇద్దరికీ కలిసే గంట ఇవ్వాల్సింది కాలేజీ. అంతకన్నా బరువైన సందేహం మరొకటుంది: ఇంత ఇరుకు ఇంగ్లీషు నేర్చుకున్న పిల్లవాడు రేపు వేరే ఉద్యోగానికి వెళ్తే? షరతు పెట్టడం, జాగ్రత్త చెప్పడం, కారణం చూపడం, అంకెను వివరించడం ఏ వృత్తిలోనైనా ఉండేవే. రొయ్యల రిపోర్టు మీద అవి పట్టుబడ్డవాడికి ఆస్పత్రి రికార్డు, గ్యాస్ ప్లాంటు భద్రతా సూచన చదవడం కొత్త పదాలు నేర్చుకునే పనే అవుతుంది.

దీనికోసం తెలుగును పక్కన పెట్టనక్కర్లేదు. భావం తెలుగులో తేటపడ్డాకే ఇంగ్లీషు వాక్యం కుదురుతుంది. పరీక్ష పద్ధతి కూడా మారాలి. వ్యాసం బట్టీపట్టి రాయించడం మాని, ఒక నిజమైన కాగితాన్ని చేతికిచ్చి దాని అర్థం చెప్పమనాలి. ప్రశ్నపత్రం మారనంత కాలం తరగతి గది మారదు. విశ్వవిద్యాలయం ముందుగా మార్చాల్సింది ఆ ప్రశ్నపత్రాన్నే.