చలి ఉదయమున మొరాయించు ‘ఫోర్ వీల్ డ్రైవ్’

సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ ప్రాంతమున నల్లరేగడి నేలలు గలవు. రేగడి తడిసినచో సాధారణ వాహనము అందు ముందుకు సాగదు. వెనుక చక్రములు ఉన్నచోటనే తిరుగుచు మరింత లోతునకు దిగబడును. నాలుగు చక్రములను ఇంజనే త్రిప్పగల జీపులు, ట్రాక్టర్లు అచ్చట అక్కరకు వచ్చును. ఈ ఏర్పాటునే వాడుకలో ‘ఫోర్ వీల్ డ్రైవ్’ అందురు.

అయితే పుష్యమాసపు ఉదయమున కొన్ని బండ్లలో ఇది పడదు. లివరు కదలదు, లేదా స్విచ్చి నొక్కినను దీపము మిణుకుమిణుకుమని ఊరకుండును. మధ్యాహ్నమునకు అదే బండి చక్కగా పనిచేయును. “చలికి పట్టేసినది” అని డ్రైవరు సరిపెట్టుకొనును. నిజముగా చలి చేయునదేమి?

ఇంజను శక్తి గేరుపెట్టె ద్వారా వెనుక ఇరుసునకు పోవును. ముందు ఇరుసునకు పంచి యిచ్చునది ‘ట్రాన్స్‌ఫర్ కేసు’ అను మరియొక పెట్టె. అందులో పండ్లు గల ఒక స్లీవును ఫోర్కు ప్రక్కకు జరుపును. దాని పండ్లు ఎదుటి పండ్ల సందులలో దూరినప్పుడు ముందు చక్రములకు శక్తి అందును. 1941లో తయారీ ప్రారంభమైన విల్లీస్ సైనిక జీపులో ఈ పనిని డ్రైవరు చేతి లివరుతో చేసెడివాడు. నేటి పెక్కు వాహనములలో ఒక చిన్న విద్యుత్ మోటారు చేయును. కొన్నింటిలో ముందు ఇరుసును కలుపుటకు గాలి పీల్చిన రబ్బరు గొట్టములు, అనగా వాక్యూమ్ పైపులు, తోడ్పడును. బ్యాటరీ, ఫ్యూజు, మోటారు, ఫోర్కు, స్లీవు, పైపులు—ఈ గొలుసులో ఏ కొక్కెము ఊడినను పని ఆగును.

చలి ఈ గొలుసును మూడు చోట్ల పరీక్షించును. మొదటిది నూనె. ద్రవము ప్రవహించుటకు చూపు నిరోధమును స్నిగ్ధత అందురు. ఆముదమునే చూడుడు: 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద దాని స్నిగ్ధత సుమారు 231 సెంటీపాయిజులు, 10 డిగ్రీల వద్ద 2,420. ముప్పది డిగ్రీలు తగ్గగానే పదిరెట్లు చిక్కబడినదన్నమాట! గేరునూనెయు ఇట్లే చిక్కబడును. ఫోర్కును జరుపుటకు ఎక్కువ బలము కావలెను. రెండవది బ్యాటరీ. చలిలో రసాయనిక చర్య మందగించి, మోటారునకు అందు విద్యుత్తు తగ్గును. మూడవది రబ్బరు. అది బిరుసెక్కి, పాత పైపుల పగుళ్ళనుండి గాలి లోనికి చొరబడును.

మరి నారాయణఖేడ్ చలి అంత తీవ్రమైనదా? ఇచ్చట కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోవును గాని, హిమాలయములలోని ద్రాస్‌లో వలె నీరు గడ్డకట్టదు. గేరునూనె డబ్బాపై కనబడు 80డబ్ల్యూ అను గుర్తు, ఆ నూనె సున్నకు దిగువ 26 డిగ్రీల వద్ద కూడ నిర్ణీత పరిమితికి మించి చిక్కబడదని తెలుపును. 85డబ్ల్యూకు ఆ హద్దు సున్నకు దిగువ 12 డిగ్రీలు. కనుక తగిన నూనెతో, మంచి స్థితిలో నున్న బండిని ఇచ్చటి చలి ఆపజాలదు. ఆగినదనగా లోపల ముందే ఒక లోపమున్నదనియు, చలి దానిని బయటపెట్టినదనియు గ్రహింపవలెను.

ఆ లోపమును ఖర్చులేని పరీక్షలతో మొదలుపెట్టి వెదకవలెను. పండ్లకు పండ్లు ఎదురుపడి నిలిచినచో స్లీవు దూరదు. బండిని తిన్నగా కొన్ని అడుగులు మెల్లగా కదిల్చి, దాని పుస్తకములో చెప్పిన పద్ధతిని మరల ప్రయత్నింపవలెను. తరువాత స్విచ్చి నొక్కి చెవి యొగ్గవలెను. మోటారు చప్పుడే లేనిచో ఫ్యూజును, తీగల కలయికలను, బ్యాటరీని చూడవలెను. నిలకడగా నున్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును, 12.2 చూపినచో సగమే నిండియున్నది. చప్పుడు వచ్చియు పండ్లు కలియనిచో ఫోర్కు వద్ద తుప్పు, ఎండిన గ్రీజు, చిక్కని నూనె అనుమానింపదగినవి. ఐదారు కిలోమీటర్లు నడిపిన తరువాత పనిచేసినచో నూనెపై అనుమానము బలపడును. తీసిచూచిన నూనె పాలవలె తెల్లబడియున్నచో అందు నీరు చేరినదని అర్థము. ట్రాన్స్‌ఫర్ కేసు సరిగా పనిచేసియు ముందు చక్రములు లాగనిచో వాక్యూమ్ పైపులను తడిమి చూడవలెను.

లివరును సుత్తితో కొట్టుట, కాలితో తన్నుట తగదు. ఫోర్కు వంగినచో కొద్దిపాటి లోపము పెద్ద ఖర్చగును. పనిచేసినదా యని పొడి తారురోడ్డుపై పరీక్షించుటయు పొరపాటే. మలుపులో ముందు చక్రములు వెనుకవాటికన్న ఎక్కువ దూరము తిరుగవలెను. రెండు ఇరుసులు గట్టిగా కలిసియున్నచో ఆ తేడాకు తావులేక కడ్డీలు మెలిపడును. అప్పుడు స్లీవు వెనుకకును రాదు. మెత్తని మట్టినేలపై పరీక్షించుట క్షేమము.

ఈ విషయమును తరగతిలో చూపుట సులభము. రెండు పొడవైన గాజు గొట్టములలో ఆముదము పోసి, ఒకదానిని మంచునీటిలోను, వేరొకదానిని గోరువెచ్చని నీటిలోను ఉంచవలెను. కొంతసేపటికి రెండింటిలోను సైకిలు బేరింగులోని ఉక్కుగుండును ఒక్కొక్కటి జారవిడిచి, అడుగునకు చేరు కాలమును గడియారముతో కొలువవలెను. చల్లని నూనెలో గుండు ఎంత నెమ్మదిగా దిగునో చూచిన విద్యార్థికి, చలి ఉదయమున ఫోర్కు పడు శ్రమ వేరుగా వివరింప నక్కరలేదు.