వార్తల్లో పదం: ధ్రువీకరణ పక్షపాతం

ఇంగ్లీషులో ‘కన్ఫర్మేషన్ బయాస్’గా వ్యవహరించే ధ్రువీకరణ పక్షపాతం అంటే, తాను ముందే నమ్మిన అభిప్రాయాన్ని బలపరిచే ఆధారాలను సులువుగా అంగీకరించి, దానికి ఎదురునిలిచే వాటిని మాత్రం శల్యపరీక్షకు గురిచేసే మానసిక ధోరణి.

1979లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మరణశిక్షను సమర్థించేవారికీ వ్యతిరేకించేవారికీ పరస్పర విరుద్ధమైన అవే రెండు అధ్యయనాలను చూపగా, ఇరువర్గాలూ తమకు నచ్చిన అధ్యయనమే పటిష్ఠంగా ఉందని భావించి, చివరికి పాత అభిప్రాయంలోనే మరింత గట్టిపడ్డాయి. ఆ రెండు అధ్యయనాలూ పరిశోధకులు కల్పించినవే కావడం గమనార్హం.

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో గోదావరిపై నిర్మించిన మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో 2023 అక్టోబరు 21న పియర్లు కుంగిన తరువాత, జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణుల నివేదిక ప్రణాళిక, డిజైన్, నాణ్యతా నియంత్రణ, నిర్వహణ అనే అంశాలన్నింటిలోని లోపాలను కలిపి ప్రస్తావించింది. ప్రాజెక్టును ముందునుంచీ తప్పుబట్టిన పాఠకుడికి అందులో ‘డిజైన్’ అన్న మాటే పెద్దదిగా కనిపించవచ్చు, సమర్థించినవాడికి ‘నిర్వహణ’ అన్న మాటే నిలిచిపోవచ్చు. చదివింది ఒకే పత్రమైనా జనగామలో ఒక తీర్పు, మహబూబాబాద్‌లో మరో తీర్పు వెలువడటానికి ఇది చాలు. సాగునీటిపై ప్రజాభిప్రాయం, ఓటు ఇలాంటి పఠనంతోనే రూపుదిద్దుకుంటాయి గనుక ఈ పదం మనస్తత్వశాస్త్ర గ్రంథాలకే పరిమితం కాదు.

నిష్పక్షపాతంగా చదవాలన్న సంకల్పం ఒక్కటే సరిపోదు. ఇదే పద్ధతిలో చేసిన పరిశీలన వ్యతిరేక ఫలితాన్నిచ్చి ఉంటే దాన్నీ ఇంతే తేలిగ్గా ఒప్పుకొనేవారమా అని ప్రశ్నించుకోవడమే ఎక్కువ ఫలితమిస్తుందని 1984లో వెలువడిన పరిశోధన చూపింది.