పెట్రోల్ ఎప్పుడు అయిపోతుంది? ప్రశ్నే తప్పు | పీక్ ఆయిల్ సింపుల్‌గా

ఇవాళ్టి వీడియో నా పాత వీడియోకి కరెక్షన్.

మూడు నెలల క్రితం మచిలీపట్నం గిలకలదిండి హార్బర్‌లో బోట్ల ముందు నిలబడి, "ఇంకో 40 ఏళ్లలో పెట్రోల్ ఖాళీ" అని ఒక వీడియో చేశాను. వ్యూస్ బాగానే వచ్చాయి. నాగాయలంకలో ఉండే మా పెదనాన్న కూడా చూశారు. ఆయనకి కొంచెం వరి, ఒక రొయ్యల చెరువు. ఫోన్ చేసి, "ఒరేయ్, నా చిన్నప్పుడూ ఇంకో ముప్ఫై ఏళ్లలో అయిపోద్దనే చెప్పారు. ఇప్పుడు మన నాగాయలంకలోనే ఆయిల్ పడింది. ఇంక అయిపోయేదేంట్రా?" అన్నారు. బీటెక్ చదివి, ఐదేళ్లు కోడ్ రాసిన నాకు నోట మాట రాలేదు. గుడివాడ వచ్చి మళ్లీ మొదట్నుంచి చదివాను.

నేను చేసిన తప్పు ఏంటంటే, తెలిసిన నిల్వని ఏడాది వాడకంతో భాగించేశాను. కొత్త బావులు దొరికినా, రేటు పెరిగి పాత బావి గిట్టుబాటైనా ఆ నంబర్ మారిపోతుంది. పీక్ ఆయిల్ లెక్క అది కాదు. రోజుకి ఎంత తీయగలం అన్నదే లెక్క.

పెదనాన్నకి కాలువతో చెప్పాను. "ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లున్నాయని పేపర్లో వేస్తారు. కేఈబీ కాలువ శివారున మీ చేలోకి మాత్రం ధార సన్నంగానే వస్తుంది. మీకు కావాల్సింది బ్యారేజీలో ఎన్ని ఉన్నాయన్నది కాదు కదా, ఇవాళ ఎన్ని వస్తున్నాయన్నది." ఆయన "ఊఁ" అన్నారు. ఫస్ట్ టైమ్.

ఆయిల్ బావి కూడా అంతే. కొత్తలో లోపల ప్రెజర్‌కి తన్నుకొస్తుంది. తోడేకొద్దీ ప్రెజర్ తగ్గుతుంది, ఆయిల్‌తో పాటు నీళ్లు రావడం పెరుగుతుంది. కోనసీమ తీరానికి అవతల సముద్రంలో రవ్వ ఫీల్డ్ ఉంది. 1987లో ఓఎన్‌జీసీ కనిపెట్టింది. మంచి రోజుల్లో రోజుకి సుమారు 50,000 బ్యారెళ్లు ఇచ్చింది, చాలా ఏళ్లు నిలకడగా. తర్వాత తగ్గుతూ వచ్చింది. అడుగున ఆయిల్ ఉంది, ధార తగ్గింది. పైగా ఆ 50,000 అన్నది, రోజుకి 50 లక్షల బ్యారెళ్లకి పైనే తాగే మన దేశానికి దాదాపు ఒక్క శాతం. మన క్రూడ్‌లో 85 శాతం పైనే బయటి నుంచి కొంటున్నాం.

మరి నాగాయలంక? అక్కడ ఆయిల్ ఉన్న రాయి బిగువైనది. పగలగొట్టి దారి చేస్తే గానీ పారదు. దొరకడం వేరు, పారడం వేరు.

ఈ లెక్కకి పేరు తెచ్చింది హబ్బర్ట్ అనే అమెరికా జియాలజిస్ట్. అమెరికా ఆయిల్ 1965-70 మధ్య శిఖరానికి చేరి దిగుతుందని 1956లోనే చెప్పాడు. 1970లో చేరింది, దిగింది కూడా. పాత వీడియోలో ఇక్కడితో ఆపేశాను, సీన్ బాగుంటుందని. కానీ షేల్ ఆయిల్ వచ్చి 2018లో అమెరికా ఆ పాత రికార్డుని దాటేసింది. అది దాచడం నాది తప్పే. ప్రపంచానికి శిఖరం ఫలానా ఏడాది అని ఎవరైనా డేట్ చెబితే, నన్ను అడిగినట్టే వాళ్లనీ అడగండి.

పెదనాన్న లాస్ట్‌లో అడిగింది అసలు ప్రశ్న. "అయితే డీజిల్ రేటు పెరుగుతూనే ఉంటదా?" అలా కూడా కాదు. 2008 జూలైలో బ్యారెల్ 147 డాలర్లకి ఎక్కి, అదే డిసెంబర్‌కి 40 లోపు పడింది. ధార బిగుసుకున్నప్పుడు రేటు నిచ్చెన ఎక్కదు, ఉయ్యాల ఊగుతుంది. ఆయన భయం కూడా ఆ ఊపుతోనే. రాత్రి కరెంట్ పోతే ఏరియేటర్లు జనరేటర్ మీదే తిరగాలి. డీజిల్ ఎంతున్నా పోయాల్సిందే, లేకపోతే తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి.

ఆ చెరువు గట్టు మీదే నెక్స్ట్ ఎపిసోడ్. ఒక రాత్రి జనరేటర్ ఎంత తాగుతుందో, సోలార్ పెడితే ఎంత తగ్గుతుందో బిల్లులతో లెక్కేద్దాం. పెదనాన్న కెమెరా ముందుకి రానన్నారు, గొంతు మాత్రం వినిపిస్తుంది.